నలభై ఒక్క గబ్బిలాలు

“అయినా అవి మీకు చుట్టాలేంటండీ?” అంది సుబ్బాయమ్మ చేటలో బియ్యం ఎగరేస్తూ. “పొద్దుటినుంచి నేనొకటి చెబుతుంటే మీరొకటే మాట. ఉండనివ్వండి, ఉండనివ్వండి. ఏం చూసుకుని ఉండనివ్వమంటారు?”

రత్నమాణిక్యం చెప్పవలసింది పొద్దుటే చెప్పేసింది. తోటికోడలు చెరిగి పోసిన బియ్యాన్ని ముందుకు లాక్కుని మట్టిబెడ్డలు ఏరుతూ కూర్చుంది.

నిజానికి తప్పు తనదే. పనిమనిషి పాపాయమ్మ మేడగది ఊడ్చి, నల్లటి పెంటికలు చేటలో పట్టుకొచ్చి, ఎలుకలు పడ్డాయమ్మగారూ అని చూపించినప్పుడు ఊరుకుని ఉంటే సరిపోయేది. ఎలుకలబోను తెప్పించి ఊరుకునేవారు. రత్నమాణిక్యం ఒక పెంటికను వేళ్ళ మధ్య నలిపి, ఎలుకలదైతే ఇలా పొడి కాదనీ, ఈ పొడిలో మెరిసేవి పురుగుల రెక్కలనీ చెప్పింది. తనకు తెలిసిన సంగతి ఒకటి ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియకపోవడం అరుదు. ఆ సంతోషంలో నోరు జారింది. మరి ఎలుకవి కాకపోతే ఎవరివండీ అని సుబ్బాయమ్మ అడిగేసరికి దాచడానికి ఏమీ మిగల్లేదు.

అప్పటినుంచీ ఇదే గొడవ. గబ్బిలాలు చేరితే ఇల్లు పాడుపడుతుందని సుబ్బాయమ్మ భయం. కోర్టులో దావా ఏటికేడు వాయిదాలు పడటానికి కారణం ఇదేనేమోనన్న అనుమానం కూడా ఆమెకు మధ్యాహ్నానికల్లా పుట్టింది. ఎండుమిరపకాయలు నిప్పుల మీద వేసి, గది తలుపు మూసేస్తే ఒక్క పూటలో వదిలిపోతాయని ఆమె అంటుంది. పొగకు అవి వదిలిపోవు, చచ్చిపోతాయని రత్నమాణిక్యం అంటుంది.

“పోతే పోతాయి. మీ గదికేగా మంచిది?”

రత్నమాణిక్యం ఏరిన బెడ్డలను పక్కన పారబోసింది.

వాళ్ళది భీమవరం దగ్గర పల్లె. పొలాల సరిహద్దు తగాదా జిల్లా కోర్టుకెక్కడంతో, మూడేళ్ళ కిందట సూర్యరాజు సంసారాన్ని రాజమండ్రి తీసుకొచ్చి ఇన్నీసుపేటలో ఈ మండువా ఇల్లు అద్దెకు పట్టాడు. కొడుకు మాధవరాజు కాలేజీ చదువు కూడా కలిసొచ్చింది. మగవాళ్ళకు ఊరు మారింది. ఆడవాళ్ళకు మారింది గోడలే. రాజుల ఇళ్ళలో ఘోషా. పల్లెలో ఉన్నప్పుడు కనీసం ఎత్తైన ప్రహరీ లోపల ఎకరం దొడ్డి ఉండేది, బర్రెల దగ్గరికి వెళ్ళి వచ్చేవారు. ఇక్కడ మండువా మీద నలుచదరంగా కనిపించే ఆకాశమే. బయటి మగవాడు పెరట్లోకి వస్తున్నాడంటే ముందు కబురు రావాలి, ఆడవాళ్ళంతా నడిమింట్లోకి వెళ్ళి తలుపు వేసుకోవాలి. మొహమే కాదు, గొంతు కూడా పరాయివాడి చెవిన పడకూడదు.

రత్నమాణిక్యం సూర్యరాజు తమ్ముడు జీవరాజు భార్య. జీవరాజు పోయి ఇరవై ఒక్క ఏళ్ళు. అప్పటికి ఆమెకు పంతొమ్మిది. పిల్లలు లేరు. పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. ఈ ఇంటికి వచ్చినప్పుడు గదులు పంచుకుంటే పైనున్న ఒక్క గదీ ఆమెకు వచ్చింది. పెంకు కిందే కావడంతో వేసవిలో ఉడికిపోతుందని దాన్ని ఇంకెవరూ కోరుకోలేదు. పెరటి వైపు గోడలో ఎత్తుగా ఒక చిన్న కిటికీ. మూరెడు వెడల్పు, రెండు చెక్క ఊచలు, తలుపులు లేవు. భర్త బట్టలు దాచిన చెక్కపెట్టెను ఆ గోడకు జరిపి, పైకెక్కి నిలబడితే ఊరు కనిపిస్తుంది. వెనక ఇళ్ళ పెంకు కప్పులు, సందు మొగలో మునిసిపాలిటీ వారి దీపస్తంభం, దూరంగా బెత్తెడు మేర గోదావరి. ఆ బెత్తెడు నీళ్ళలోనే రైలు వంతెనకని కడుతున్న స్తంభాలు రెండు కనిపిస్తాయి.

పగలు అక్కడ నిలబడితే ఎవరైనా చూస్తారు. చీకటి పడి దీపం వెలిగిస్తే తను మరీ బాగా కనిపిస్తుంది. వెలుగు పోయీ పోనట్టుండి, గదిలో దీపం పెట్టని ఆ కాసేపే చూడటానికి వీలు. ఆ కాసేపు ఆమెకు దొరకడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది కింద దేవుడి గూట్లో దీపం పెట్టే వేళ. సుబ్బాయమ్మ కాళ్ళూ మొహం కడుక్కుని, కుంకుమ దిద్దుకుని దీపం వెలిగిస్తుంది. ఆ సమయంలో రత్నమాణిక్యం ఎదురు రాకుండా ఉంటే మంచిదని ఎవరూ నోటితో అనలేదు. అనవలసిన అవసరం రాకుండా ఆమే మేడ మెట్లెక్కి వెళ్ళిపోయేది. ఆ అరగంట ఆ ఇంట్లో ఎవరికీ ఆమెతో పని ఉండదు.

మాఘమాసంలో ఒక సాయంత్రం అలా నిలబడి ఉండగా నెత్తిమీదుగా ఏదో జారిపడింది. ఎండుటాకు అనుకుంది. కింద పడకుండా కిటికీలోంచి బయటికి పోయింది. వెనకే ఇంకొకటి. చూస్తే, దూలం గోడలోకి దిగే చోట వేలెడు సందు ఉంది. అక్కడినుంచి ఒక్కొక్కటీ తలకిందులుగా జారి, జానెడు పడ్డాక రెక్క విప్పుకుని, ఊచల మధ్య నుంచి తాకకుండా పోతున్నాయి. మొదటిరోజు భయపడి పెట్టె దిగేసింది. మర్నాడు మళ్ళీ ఎక్కింది.

నెలరోజుల్లో వాటి నడవడి కొంత తెలిసింది. ముందుగా బయటికి వచ్చేది ఎప్పుడూ ఒకటే. దాని ఎడమ రెక్క అంచు చిరిగి ఉంటుంది. అది వెళ్ళి పెరటి బావి మీద రెండు చుట్లు తిరిగాక గానీ మిగతావి కదలవు. తొట్టి పక్క నిలిచిన నీళ్ళను పొట్ట తడిసేంత కిందికి వచ్చి తాగి పోతాయి. దీపాలవాడు నిచ్చెన భుజాన వేసుకుని వచ్చి సందు మొగలో దీపం వెలిగించేసరికి పురుగులు మూగుతాయి, పురుగుల వెనక ఇవి మూగుతాయి. ఊరు ఒక పక్క ఇళ్ళలోకి పోతుంటే ఇంకో పక్క ఇళ్ళలోంచి ఇవి వస్తున్నాయి. వెనక ఇంటి చూరులోంచి కొన్ని, పాత గోదాం కప్పులోంచి కొన్ని. ఈ ఊళ్ళో ఇంతమంది పగలంతా గోడల్లో దాక్కుని ఉన్నారా అని ఆమెకు ఆశ్చర్యం వేసింది. ఇవన్నీ వెళ్ళిపోయాక, బాగా చీకటి పడుతుండగా, చాలా ఎత్తున, నది లంకల వైపు నుంచి పెద్దవి వచ్చేవి. వాటికి తొందర లేదు. కాకుల్లా బరువుగా, వరసగా, తోటల వైపు పోయేవి.

తన గదిలోవి నలభై ఒకటి. లెక్క ఎన్నడూ తప్పలేదు. రాత్రి పడుకునేటప్పుడు ఆ లెక్క ఒకసారి మనసులో అనుకుని పడుకునేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. ఇప్పుడు అదే అయింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సంగతి సూర్యరాజు ముందుకు వచ్చింది. మరదలు బావగారి ఎదుట పడటం, నేరుగా మాట్లాడటం ఆ ఇంట్లో లేదు. రత్నమాణిక్యం వంటింటి తలుపు వెనక నిలబడుతుంది. ఆమె చెప్పవలసింది అత్తగారు మహాలక్ష్మమ్మ కొడుకుతో చెబుతుంది. ఆయన జవాబు అత్తగారి వైపు చూసి చెబుతాడు. అందరూ అన్నీ వింటూనే ఉంటారు.

భార్య సుబ్బాయమ్మ చెప్పిందంతా సూర్యరాజు ఓపికగా విన్నాడు. ఆయన కఠినుడు కాడు. కాసేపు ఆలోచించి, ఆ కిటికీని ఇటుకలతో మూయించేద్దాం అన్నాడు. పక్క ప్లీడరుగారు మేడ లేపుతున్నారు, ఎలాగూ ఆ కిటికీ ఉండటానికి వీల్లేదు, ఆ ఇంటి పనివాళ్ళకు మన గది కనిపిస్తుంది. కిటికీ లేకపోతే గది గాలి ఆడదు కాబట్టి అందులో ధాన్యం బస్తాలు వేయిద్దాం. మరదలిని కింద కొట్టుగదిలో సర్దుకోమనండి, వేసవిలో పైన ఆవిడ పడే అవస్థ తప్పుతుంది, అన్నాడు.

కొట్టుగదికి కిటికీ లేదు. అది ఆయనకు తెలియదు. ఆయన ఎన్నడూ ఆ గదిలోకి వెళ్ళినవాడు కాడు.

రత్నమాణిక్యం తలుపు వెనకనుంచి అంతా వింది. కిటికీ పోతే ఆ అరగంట పోతుంది. ఆ అరగంట పోతే తనకంటూ ఉన్నది ఏమిటో వెతుక్కోవాలి. ఆ మాట ఎలా చెబుతారు? అది ఒకరికి చెబితే ఇంకొకరికి అందించగల మాట కాదు. చివరికి వాటి సంగతి మాత్రం అడిగింది. మిరపపొగ వేయవద్దనీ, పొద్దుగూకి అవి బయటికి వెళ్ళిపోయాక మూయిస్తే ఒక్క ప్రాణం కూడా పోదనీ, తిరిగొచ్చి చూసుకుని వేరే చోటు వెతుక్కుంటాయనీ చెప్పింది.

“చిన్నవీ పెద్దవీ అన్నీ వెళతాయాండీ?” అని మహాలక్ష్మమ్మ అడిగింది. ఆమెకు చూపు తగ్గి రెండేళ్ళయింది.

వెళతాయంది రత్నమాణిక్యం. ఆమెకు అందులో అనుమానం లేదు. ఫాల్గుణంలో కాకులు తరిమితే ఒక పెద్ద గబ్బిలం మండువాలో పడింది. పాపాయమ్మ కర్రతో దాన్ని బయటికి నెట్టేటప్పుడు రెక్క కింద రొమ్ము పట్టుకుని వేలాడుతున్న పిల్లను రత్నమాణిక్యం చూసింది. మాధవరాజు అప్పుడు నవ్వుతూ, అవి పక్షులు కావు పిన్నిగారూ, గొడ్లలాగే పాలిచ్చే జంతువులని మా పుస్తకంలో ఉంది అన్నాడు. తల్లి ఎక్కడికెళితే పిల్ల అక్కడికే. అందులో వింతేముంది?

“పొద్దుగూకాక తాపీపని ఎవడు చేస్తాడు?” అన్నాడు సూర్యరాజు. మళ్ళీ తనే, సరే, లాంతరు పట్టుకుని చేయిద్దాం, ఆవిడ అడక్క అడక్క ఒకటి అడిగారు, అన్నాడు.

పని మర్నాటికి కుదిరింది.

మర్నాడు మధ్యాహ్నం రత్నమాణిక్యం తన సామాను కొట్టుగదిలోకి చేర్చింది. పెద్ద సామానేమీ కాదు. రెండు ముతక చీరలు, చాప, కంచుచెంబు, ఒక దుప్పటి. చెక్కపెట్టె ఒక్కటీ బరువని పాపాయమ్మ రేపు దింపుతానంది. పొద్దువాలే వేళకు తాపీపని వీరాస్వామి వచ్చాడని కబురొచ్చింది. ఆడవాళ్ళు నడిమింట్లోకి వెళ్ళారు. సుబ్బాయమ్మ మొహం కడుక్కోవడానికి లేచింది. రత్నమాణిక్యం అలవాటు ప్రకారం మెట్లెక్కింది. ఎవరూ ఆపలేదు. ఆ వేళకు ఆమె పైకి వెళుతుందని అందరికీ తెలుసు, ఆ రోజు వెళ్ళకూడదని ఎవరికీ తట్టలేదు.

కిటికీ ఎదుట నిలబడటానికి లేదు. నిచ్చెన అప్పటికే బయట గోడకు ఆనించి ఉంది. కిటికీకి ఓరగా, పక్క గోడకు వీపు ఆనించి నేల మీద కూర్చుని పైకి చూసింది. చిరిగిన రెక్కది ముందు జారింది. తరువాత ఒక్కొక్కటీ. ఊచల అవతల ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది. అవి దాటినప్పుడల్లా ఆ ఎరుపు మీద ఒక చుక్క కదిలినట్టుండేది. ఆమె పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి. అయిపోయింది. వంగి లేవబోయింది.

అప్పుడు వినిపించింది. చీమ కుట్టిన పసిపిల్ల మూలుగులా, అంతకన్నా సన్నగా. ఒకటి కాదు.

బయట ఇటుక మీద తాపీ గీరిన చప్పుడైంది. వీరాస్వామి పని మొదలుపెట్టాడు. రత్నమాణిక్యం చెక్కపెట్టెను చప్పుడు కాకుండా కిటికీ పక్కకు లాగి, కిటికీకి కనిపించకుండా గోడకు అంటుకుని పైకెక్కింది. దూలం పక్క సందులో వేలు పెట్టింది. వెచ్చగా, మెత్తగా తగిలింది. బొడ్డూడని పసివాడి చెవితమ్మె అంత మెత్తగా. వేలు జరిపింది. ఇంకొకటి, ఇంకొకటి. ఒకదాన్నొకటి కరుచుకుని ఒక ముద్దగా ఉన్నాయి. ఒంటి మీద వెంట్రుక లేదు. వేలు తగిలేసరికి ఒకటి నోరు తెరిచి వేలికొసను చప్పరించింది.

పదిరోజులుగా కొన్ని గబ్బిలాలు వెళ్ళిన కాసేపటికే తిరిగి లోపలికి వస్తున్నాయి. అలసిపోయాయేమో అనుకుంది. పాలివ్వడానికి వస్తున్నాయని ఇప్పుడు తెలిసింది. పెద్దవాటిని చూసి చిన్నవాటి సంగతి చెప్పింది తను. ఇన్నాళ్ళు వెళ్ళేవాటినే లెక్కపెట్టింది, ఉండిపోయేవి ఉంటాయని తోచనే లేదు.

గోడకు అవతల, చేయి చాస్తే అందేంత దగ్గరలో, వీరాస్వామి ఊపిరి వినిపిస్తోంది. కింద నిలబడి లాంతరు ఎత్తి పట్టుకున్నది బావగారే.

“ఇంకొంచెం ఎడంపక్కకి పట్టండి రాజుగారూ,” అంటున్నాడు వీరాస్వామి. “ఆఁ, చాలండి.”

ఒక్క మాట చాలు. ఆగు అంటే చాలు. ఆమె నోరు తెరిచింది. పెళ్ళయి వచ్చిన నాటినుంచీ ఆమె గొంతు ఏ పరాయి మగవాడూ వినలేదు. నోరు తెరిచాక ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆ గొంతుకు తెలియలేదు. కంచుచెంబు కోసం చూసింది, అది కింద కొట్టుగదిలో ఉంది. గాజుల్లేని చేతిని పిడికిలి బిగించి గోడ మీద కొట్టింది.

“లోపల ఎలకలున్నట్టున్నాయండి,” అన్నాడు వీరాస్వామి, ఇటుక సర్దుతూ.

ఆమె పెట్టె దిగి మెట్ల మీదుగా పరుగున నడిమింట్లోకి వచ్చింది. సుబ్బాయమ్మ అప్పుడే దీపం వెలిగించి చేతులు జోడిస్తోంది. ఎదురుగా వచ్చిన తోటికోడలిని చూసి ఆమె మొహం మాడిపోయింది. రత్నమాణిక్యం చెప్పింది. లోపల పిల్లలున్నాయని, పని ఆపించమని, తలుపు దగ్గరికి వెళ్ళి బావగారిని ఒక్కసారి పిలవమని.

“ఆయన పక్కన తాపీవాడున్నాడు. ఏమని కేకేయమంటారండీ నన్ను?” అంది సుబ్బాయమ్మ. “గబ్బిలం పిల్లలు ఏడుస్తున్నాయనా? రేపు ఊరంతా చెప్పుకుని నవ్వుతారు.”

మాధవరాజు ఇంకా ఇంటికి రాలేదు. పాపాయమ్మ పొద్దుగూకక ముందే వెళ్ళిపోయింది. అత్తగారికి ఆ చీకట్లో పెరట్లోకి వెళ్ళే చూపు లేదు. కబురు అందించే మనిషి ఇంట్లో లేదు. రత్నమాణిక్యం తిరిగి మెట్లెక్కేసరికి కిటికీ ఉన్న చోట నలుపు తప్ప ఏమీ లేదు. నిచ్చెన దింపుతున్న చప్పుడు వినిపించింది. తరువాత బావి దగ్గర ఎవరో చేతులు కడుక్కున్నారు.

భోజనాలయ్యాయి. అందరూ పడుకున్నారు. కొట్టుగదిలో చాప వేసుకుంది గానీ ఉండలేక మండువాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చుంది. అవి వచ్చాయి. ఒక్కొక్కటిగా కప్పు మీదుగా కిటికీ ఉండవలసిన వైపుకి పోయి, దారి లేక తిరిగి వచ్చి మండువా మీద చుట్టు తిరిగి, మళ్ళీ పోతున్నాయి. చప్పుడు లేదు. రెక్కల గాలి మాత్రం మొహానికి తగులుతోంది. చుక్కల వెలుగులో ఎన్ని ఉన్నాయో తెలియడంలేదు. ఆమె లెక్కపెట్టలేదు.

అత్తగారికి ఆ గాలి తగిలినట్టుంది. మెట్ల కింద మంచం మీద నుంచి, ఎవరమ్మా తిరుగుతున్నారు అని అడిగింది. ఎవరూ లేరండి, గబ్బిలాలండి అంది రత్నమాణిక్యం. ముసలావిడ మంచం మీద ఒత్తిగిల్లింది. ఆ పైన ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. జీవరాజు పోయిన రోజుల్లో కూడా ఇద్దరూ ఇలాగే ఒకే వసారాలో మేలుకుని ఉండేవారు. అప్పుడూ మాటలు లేవు.

తూరుపు తెల్లబడటానికి ఇంకా గడియ ఉందనగా రత్నమాణిక్యం లేచి వసారాలో మూల నిలబెట్టిన రోకలి తీసుకుంది. మెట్ల మీద రెండడుగులు వేసి, రోకలి కొస మెట్టుకు తగిలిందో లేదో,

“ఇంత పొద్దుటే దంపుడేంటమ్మా?” అంది మహాలక్ష్మమ్మ.

“చిన్న పని ఉందండి.”

ముసలావిడ మంచం మీద లేచి కూర్చుంది. “చీకటిగా ఉంది. మెట్లు చూసుకో,” అంది.

సున్నం ఇంకా పచ్చిగానే ఉంది. పెట్టె ఎక్కి, రోకలి కొసను రెండు ఊచల మధ్య నుంచి పెట్టి పోటు పొడిచింది. మొదటి పోటుకు ఏమీ కాలేదు. నాలుగో పోటుకు ఒక ఇటుక కదిలి అవతల గుమ్మడిపాదు మీద పడింది. ఆ సందులోంచి చల్లటి గాలి వచ్చింది. గాలితోపాటే, ఆమె రోకలి వెనక్కి తీసేలోపే, ఒకటి లోపలికి వచ్చింది. ఆమె బుగ్గకు రెక్క రాసుకుంది. ఆమె ఇటుక తరువాత ఇటుక పొడుస్తూ పోయింది. జబ్బలు లాగేస్తున్నాయి. తెల్లచీర నిండా సున్నం. కింద ఎవరివో అడుగుల చప్పుడు వినిపించింది. దీపం కదిలింది. సుబ్బాయమ్మ గొంతు ఏదో అడిగింది, అత్తగారి గొంతు ఏదో చెప్పింది. ఎవరూ పైకి రాలేదు.

కిటికీ పూర్తిగా తెరుచుకునేసరికి బయట బూడిదరంగు వెలుగు. అవి వస్తూనే ఉన్నాయి. సందులో మూలుగులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరకు చిరిగిన రెక్కది వచ్చి, రెండు చుట్లు తిరిగి, సందు పట్టుకుని వేలాడి లోపలికి జరిగింది. ఆమె పెట్టె మీద కూర్చుండిపోయింది. వంతెన దగ్గర కూలీలు పని మొదలెట్టిన ఇనుప చప్పుడు వినిపించేదాకా అలాగే కూర్చుంది. తరువాత కిందికి దిగి, బావి దగ్గర స్నానం చేసి, చీర పిండి ఆరేసి, రోజులాగే వంటింట్లోకి వెళ్ళింది.

ఆ రోజు వాయిదా. సూర్యరాజు పొద్దుటే భోజనానికి కూర్చున్నాడు. పక్కన మాధవరాజు. సుబ్బాయమ్మ వడ్డిస్తోంది. మహాలక్ష్మమ్మ గోడకు ఆనుకుని పీట మీద ఉంది. రత్నమాణిక్యం తలుపు వెనక తన చోట నిలబడింది.

పెరట్లో పడిన ఇటుకలు సూర్యరాజు చూసి వచ్చాడు. వీరాస్వామి పని ఇంత నాసిగా ఉంటుందనుకోలేదని, సాయంత్రం మళ్ళీ పిలిపిస్తానని అన్నాడు. ఆయనకు తెలియక అన్నాడో, తెలియనట్టు ఉండటానికి ఒక దారి చూపిస్తున్నాడో చెప్పడం కష్టం. ఆ దారిన పోతే ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. సుబ్బాయమ్మ పప్పు గిన్నెలో గరిట తిప్పుతూ ఉండిపోయింది.

“అత్తయ్యగారూ, బావగారితో చెప్పండి,” అంది రత్నమాణిక్యం. ఆమె గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉంది. “తాపీవాడి తప్పేమీ లేదండి. ఇటుకలు నేనే తోసేశాను. లోపల పిల్లలున్నాయి. అవి వెళతాయని చెప్పిన తప్పు కూడా నాదే. అవి ఎగిరేదాకానే కాదండి, ఎగిరాక కూడా ఆ కిటికీ అలాగే ఉంటుంది. ప్లీడరుగారి మేడ పూర్తయితే చాప కట్టుకుంటాను, పొద్దుగూకాక తీసేస్తాను. కొట్టుగది నాకొద్దండి, ధాన్యం అక్కడ వేయించండి. మళ్ళీ ఎప్పుడైనా ఆ కిటికీ దగ్గరికి తాపీవాడు వస్తే, ఏం చెయ్యాలో అతనితో నేనే మాట్లాడతాను.”

మాధవరాజు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. సూర్యరాజు తలెత్తలేదు. విస్తరి వైపే చూస్తూ తల్లి మాట కోసం ఆగాడు. అది పద్ధతి.

మహాలక్ష్మమ్మ కొడుకు వైపు తిరిగింది. “విన్నావుగా బాబూ. ఇటుకలు ఆవిడే తీశారట. కిటికీ ఉంచుకుంటారట. పైగదిలోనే ఉంటారట. చాప కట్టుకుంటారట,” అంది. అక్కడితో ఆపేసింది. తాపీవాడి మాట ఆమె అందించలేదు.

మండువాలో ఎండ పడటం మొదలైంది. సుబ్బాయమ్మ గరిట కింద పెట్టింది.

“బావగారూ,” అంది రత్నమాణిక్యం తలుపు వెనక నుంచి, ఆ ఇంటి కోడలయ్యాక మొదటిసారి. “ఇంకో మాట కూడా చెప్పానండి. తాపీవాడితో నేనే మాట్లాడతాను.”